పద్నాలుగు నడకలు

ఫిబ్రవరి 24

ముప్ఫై నాలుగేళ్ళు వాతావరణ కేంద్రంలో రోజుకు ఎనిమిది సార్లు అంకెలు రాసిన చెయ్యి. ఖాళీగా ఉండలేకపోతోంది. అందుకని ఈ నోట్‌బుక్.

నా భార్య పోయి నాలుగు రోజులు. వాళ్ళ అక్క ఇంటికి మేమిద్దరం విమానంలో వచ్చి ఆరు రోజులు. ఆ ఆరులో రెండు ఆసుపత్రిలో గడిచాయి. తిరుగు టికెట్లు మార్చి 9కి ఉన్నాయి. వదిన అప్పటిదాకా ఇక్కడే ఉండమంది. ఉన్నాను.

మెట్లు ఎక్కలేదని చెల్లెలి కోసం కింద గది సర్దింది వదిన. రెండు మంచాలు, ఒక కిటికీ, ఒక బల్ల. బల్ల మీద ఆమె ఆక్సిజన్ మెషిన్. చేతిసంచి అంత ఉంటుంది. అద్దెది. ఊరు వెళ్ళగానే తిరిగి ఇచ్చేయాలి.

ఫిబ్రవరి 25

రాయడానికి ఏమీ లేదు. గాలి కదలటం లేదు.

ఫిబ్రవరి 26

విమాన సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. మార్చి 9 ప్రయాణంలో ఆక్సిజన్ పరికరం వాడుకోవడానికి ప్రయాణికురాలికి అనుమతి మంజూరైందట. ఆమె పేరు, ఆమె సీటు నంబరు. కింద శుభప్రయాణం అని ఉంది. వచ్చేటప్పుడు ఇచ్చిన డాక్టర్ ఫారమ్ తిరుగు ప్రయాణానికీ చెల్లుతుంది. ఒక బటన్ నొక్కితే టికెట్ రద్దవుతుంది. రేపు నొక్కుతాను.

భోజనాల దగ్గర వదిన ఆ ఫారమ్ గురించే ఎత్తింది.

"మరిదిగారూ, సంతకం పెట్టిన ఆ పిల్ల డాక్టరు కాగితాలన్నీ నాకు కావాలి. మీరు రాసిన రీడింగుల పుస్తకం కూడా."

"ఎందుకు వదినా?"

"మెషిన్ రెండో నంబరు మీద పెడితే చాలని రాసిచ్చింది. నాలుగు పెట్టినా చాలలేదని ఇక్కడి ఆసుపత్రిలో అన్నారు. వైద్యమండలికి ఫిర్యాదు చేస్తున్నాను. ఆ పిల్ల లైసెన్సు పీకించకపోతే నా పేరు మార్చుకుంటాను."

తోడల్లుడు పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుతున్నాడు. చెవిలో మెషిన్ ఉంటేగానీ వినపడదు. ఇది మాత్రం వినపడింది. "ఏం పేరు పెట్టుకుంటావో ముందే చెప్పు. పిలవడం అలవాటు చేసుకోవాలిగా" అన్నాడు.

"మీరు ఆ గళ్ళు నింపుకోండి."

వదిన హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఎర్ర సిరా పెన్ను ఇంకా జేబురుమాలులా వెంట ఉంటుంది. అన్నంత పనీ చేస్తుంది.

రీడింగుల పుస్తకం పెట్టె అడుగున ఉంది. డాక్టరు అడిగింది ఇదీ: వారం రోజులు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మెషిన్ రెండో నంబరు మీద పెట్టుకుని ఆమె ఆరు నిమిషాలు నడవాలి. ఆగగానే వేలికి క్లిప్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసి రాయాలి. పద్నాలుగు నడకలు, పద్నాలుగు అంకెలు. అన్నీ తీశాను. తొంభైకి తక్కువ ఒక్కటీ లేదు.

విమానంలో బ్యాటరీలు కూడా సరిపోయాయి.

ఫిబ్రవరి 28

వాడకుండా ఉంచితే మెషిన్ పాడవుతుందని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. ఉదయం పది నిమిషాలు ఆన్ చేశాను.

అది ఊరికే గాలి వదలదు. ముక్కు దగ్గర గొట్టంలో మనిషి పీల్చినప్పుడు మాత్రమే కనిపెట్టి 'ఫుస్' మని ఒక గుక్క ఇస్తుంది. నిమిషం పాటు ఎవరూ పీల్చకపోతే బీప్ బీప్ మంటూ ఇల్లు లేపుతుంది. ఆ బీప్ వచ్చాక ఆపేద్దామని కూర్చున్నాను. గొట్టం ఆమె దిండు మీద పెట్టాను. ఇంకెక్కడ పెట్టాలో తోచలేదు.

బీప్ రాలేదు. ఫుస్. కాస్త ఆగి, ఫుస్.

వాచీ చూసి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఆరు.

మార్చి 1

మెషిన్ అద్దెకిచ్చిన చోటికి ఫోన్ చేశాను. టెక్నీషియన్ నవ్వాడు. "ఫ్యాన్ గాలి తగిలినా ఊపిరే అనుకుంటుంది సార్. గొట్టం కొనలు డ్రాయర్లో పెట్టి చూడండి."

గాలి గురించి నాకు చెబుతున్నాడు.

ఫ్యాన్ ఆపాను. కిటికీ వేశాను. గొట్టం కొనలు డ్రాయర్లో పెట్టి మూశాను. కూర్చున్నాను. ఇరవై ఆరు.

సాయంత్రం వదిన పుస్తకం అడిగింది. ఎక్కడో పెట్టాను, రేపు వెతుకుతానన్నాను.

మార్చి 2

ఆ ప్రయాణం గురించి ఒకసారి వరసగా రాసుకోవాలి.

మూడు గంటల ఇరవై నిమిషాల ప్రయాణం. దానికి ఒకటిన్నర రెట్ల సేపు వచ్చే బ్యాటరీలు ఉండాలని సంస్థ నియమం. రెండో నంబరు మీద మా రెండు బ్యాటరీలు కలిపి ఐదు గంటలు వస్తాయి. లెక్కలో తప్పు లేదు.

విమానం పైకి వెళ్ళాక లోపలి గాలి ఎనిమిది వేల అడుగుల కొండ మీద గాలిలా ఉంటుంది. నేల మీది దానిలో ముప్పావు వంతు. నాకు తెలియనిదా? బెలూన్లు ఎగరేసి ఆ పీడనాలే కదా రాసేవాణ్ణి.

మొదటి గంట బాగానే గడిచింది. పక్క వరుసలో ఒకాయన వంగి, "ఆ ఫుస్ ఫుస్ ఎంతసేపండీ?" అన్నాడు. ఆమె, "మీకు విసుగైతే ఆపేస్తాను. తర్వాత మా ఆయనకి మీరే సర్దిచెప్పుకోవాలి" అంది. ఆయన మళ్ళీ ఇటు చూడలేదు. ఆమె నా మోచేయి గిల్లింది.

తర్వాత పెదాలు సిరా రంగుకి తిరిగాయి. నంబరు మూడు పెట్టుకుంది. నాలుగు పెట్టుకుంది. నాలుగు మీద బ్యాటరీ సగం సేపే వస్తుంది. మూడు గంటలకల్లా రెండూ అయిపోయాయి. విమానంలోని సిలిండర్ తెచ్చి తగిలించడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఎనిమిది నిమిషాలు నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళ గుర్తులు నిన్నటిదాకా ఉన్నాయి.

బ్యాటరీలు దాదాపు సరిపోయాయి.

మార్చి 3

ఉదయం 8.30 – ఇరవై నాలుగు.
11.30 – ఇరవై ఆరు.
మధ్యాహ్నం 2.30. వదిన గది గుమ్మంలో నిలబడి ఫిర్యాదు చిత్తుప్రతి చదివి వినిపించింది. చదువుతున్నంతసేపూ లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి.
5.30 – ఇరవై ఐదు.

ప్రతి అంకె చూసి రాసిందే.

పుస్తకం వదినకు ఇచ్చేశాను. ఇవ్వకపోతే పెట్టె తనే తీసేలా ఉంది. పేజీలు తిప్పి కళ్ళు తుడుచుకుంది. "ఎంత శుభ్రంగా రాశారు! ఒక్క కొట్టివేత లేదు. ఇంత బాగున్న మనిషి మూడు గంటల్లో అలా అయిపోయిందంటే అది ఆ పిల్ల తప్పు కాక ఇంకెవరిది?"

ఆ పద్నాలుగులో ఒకటో రెండో తీయలేదు. ఆమెకు ఒంట్లో బాగోలేని రోజులు. ముందుదీ తర్వాతదీ చూసి మధ్యలో వేశాను. ఒకటో రెండో.

మార్చి 4

డాక్టరు ఫోన్ చేసింది. వదిన ఫిర్యాదు పెడుతోందని ఇక్కడి ఆసుపత్రి వాళ్ళ ద్వారా తెలిసిందట. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటుంది.

"సార్, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. నాకోసం అడుగుతున్నాను. నేను ఏదైనా చూడకుండా వదిలేశానా?"

"లేదమ్మా."

"మీ రీడింగులు మళ్ళీ మళ్ళీ చూశాను. వాటి ప్రకారం రెండో నంబరే ఎవరైనా రాస్తారు. ఆసుపత్రిలో నేనే ఒకసారి నడిపించి చూడాల్సింది. మీరు అబ్జర్వరుగా చేశారన్నారు కదా, ఇంకా ఎందుకులే అనుకున్నాను. అది నా తప్పే సార్. మా ఆసుపత్రి వాళ్ళూ అదే అంటున్నారు."

"మీ తప్పు కాదమ్మా" అన్నాను.

"థాంక్స్ సార్. మీరు ఈ పరిస్థితిలో కూడా..." అని ఆగిపోయింది. ఏడ్చింది అనుకుంటాను.

ఫోన్ పెట్టేశాక చూస్తే మెషిన్ ఆన్‌లో ఉంది. నేను ఆన్ చేసినట్టు గుర్తు లేదు. ఇరవై తొమ్మిది.

మార్చి 5, ఉదయం

తోడల్లుడు పక్క గదిలో పడుకుంటాడు. టీ తాగుతూ అన్నాడు.

"ఏమయ్యా, నీ గదిలో అంత ఆయాసం ఎవరిది?"

"మెషిన్ అన్నయ్యా."

"మెషినా? నాకు మెషిన్లు వినపడవు. మిక్సీ వినపడదు, ఫోన్ వినపడదు. మీ వదిన కూడా అరిస్తేగానీ వినపడదు, అందుకే ఇన్నాళ్ళు కాపురం నిలబడింది. చెవిలోది తీసి బల్ల మీద పెట్టానా, అప్పుడు వినపడింది. మెట్లెక్కి వచ్చిన మనిషిలా." టీ ఊదుకున్నాడు. "మరదలుపిల్ల అలాగే ఊపిరి తీసేది కదూ."

నేను కప్పు తీసుకెళ్ళి కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను.

మార్చి 5, సాయంత్రం

ఒకటో రెండో కాదు.

మార్చి 6

మా కేంద్రంలో 'కుర్చీ రీడింగు' అనేవాళ్ళు. వాన కుండపోతగా పడుతుంటే పరికరాల దాకా వెళ్ళకుండా కుర్చీలో కూర్చునే నమ్మదగిన అంకె వేసేయడం. నేను ఏనాడూ చేయలేదు. చేసిన ఇద్దరు జూనియర్లను సస్పెండ్ చేయించాను. ఒకతను నా కాళ్ళు పట్టుకున్నాడు. అంకెలకు కాళ్ళు ఉండవు అన్నాను. అప్పట్లో అది గొప్ప మాట అనుకున్నాను.

పద్నాలుగు నడకల్లో నడిచింది ఒక్కటే.

మొదటి రోజు ఉదయం. మా వీధి దీపం దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. ఆరు నిమిషాలు కూడా కాలేదు, గేటు పట్టుకుని నిలబడిపోయింది. వేలికి క్లిప్ పెట్టాను.

"ఎంత?"

"ఎనభై ఒకటి."

గేటు వదల్లేదు. ఊపిరి అందాక అంది: "అది రాయకండి."

"చూసింది రాయాలి."

"ముప్ఫై నాలుగేళ్ళు రాశారుగా. వాన అన్న రోజున బట్టలన్నీ లోపల వేస్తే ఎండ కాసేది."

"నేను చూసింది రాసేవాణ్ణి. చెప్పేవాళ్ళు వేరే."

"అయితే ఈ ఒక్కసారికి చెప్పేవాళ్ళలా రాయండి."

"డాక్టరమ్మ ఏమంటుంది?"

"ఎనభై ఒకటి చూస్తే వద్దంటుంది. ఇంకో పరీక్ష అంటుంది, ఇంకో నెల అంటుంది. నాకు నెలలు ఎన్ని ఉన్నాయో మీరు చెప్పలేరు, ఆవిడా చెప్పలేదు. అక్కని చూసి ఐదేళ్ళయింది. రైలుకి రెండు రోజులు, ఎన్ని బ్యాటరీలు కావాలో మీరే లెక్కేసి వద్దన్నారు. ఇంకెలా వెళ్ళను?"

ఎనభై ఒకటి రాయకుండానే పుస్తకం మూశాను. మాట్లాడి ఉండాల్సింది.

ఆ తర్వాత రోజూ ఉదయం, సాయంత్రం ఆమె వరండాలో కుర్చీలో కూర్చునేది. నేను పక్కన పుస్తకంతో. ఆరు నిమిషాలు ఊరికే కూర్చునేవాళ్ళం. ఆ ఆరు నిమిషాలూ ఆమే పెట్టింది, ఆ మాత్రం నిజాయితీ ఉండాలని.

"ఈ పూట తొంభై ఒకటి వేయండి. నిన్న తొంభై రెండు వేశాం. రోజూ ఒకటే అయితే అనుమానం వస్తుంది."

"సాయంత్రానికి?"

"సాయంత్రానికి అలసిపోతాను కదా. తొంభై." నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "చూశారా, నిజంగా నడిచొచ్చినట్టే ఉంది" అంది.

ఆ వారమంతా ఆమె సంతోషంగా ఉంది. అది కూడా చూసి రాసిందే.

మార్చి 7

ఎల్లుండి ప్రయాణం. విమానంలో తీసుకెళ్ళడానికి మెషిన్ లోంచి బ్యాటరీ తీసేశాను. రెండు బ్యాటరీల కొనలకు టేపు వేసి విడి సంచిలో పెట్టాను. ఛార్జర్ వైరు చుట్టి పెట్టెలో పెట్టాను. మెషిన్ ఒక్కటే బల్ల మీద ఉంది, గొట్టం దాని పక్కన.

2.30 – ఇరవై రెండు.

బ్యాటరీ ఉండాల్సిన చోట వేలు పెట్టి చూశాను. ఖాళీ. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై రెండు.

ఈ ఊపిరి సంగతి ఎవరికీ చెప్పను. ఏదడిగినా అబద్ధం మాత్రం చెప్పను.

వదిన ఫిర్యాదు సాపు రాసింది. నాలుగు పేజీలు. సోమవారం రిజిస్టర్ పోస్టులో వేస్తుందట. చివర్లో ఒక వాక్యం ఉంది: 'ఇలాంటి వైద్యురాలు ఇంకొక్క రోగిని కూడా చూడకూడదు.'

మార్చి 8

మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాను. తోడల్లుడు లోపల పడుకున్నాడు. వదిన బల్ల తుడుస్తోంది.

"వదినా, ఆ ఫిర్యాదు పంపకండి. డాక్టరు తప్పు లేదు."

"మీ మంచితనం ఇందులో పెట్టకండి మరిదిగారూ."

"పుస్తకంలో ఉన్న అంకెలు నేను కల్పించినవి."

బల్ల తుడవడం ఆపలేదు. అదే చోట తుడుస్తోంది. "ఎన్ని?"

"పద్నాలుగూ. ఒక్కసారే నడిచింది. ఎనభై ఒకటి వచ్చింది. అది రాయలేదు."

"అది చూపించి ఉంటే?"

"సంతకం పెట్టేది కాదు. విమానం ఎక్కేవాళ్ళం కాదు."

గుడ్డ మడిచింది. ఇంకా చిన్నగా మడిచింది. కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. గది తలుపు తీసి ఉంది. లోపల ఫుస్ మంటోంది, వడివడిగా.

"నేను రమ్మంటే వచ్చారు. నా కోసం చేశారా?"

"కాదు."

"మరి ఎందుకు?"

"వెళ్ళాలనుకున్నాం. వెళ్ళాలంటే ఆ అంకెలు కావాలి."

"అనుకున్నాం అంటే?" వదిన తలెత్తింది. పరీక్ష హాల్లో ఎన్ని వేలమంది మొహాలు చదివిన కళ్ళో. "దానికి తెలుసా? మీరలా రాస్తున్నట్టు దానికి తెలుసా?"

గదిలో చప్పుడు ఆగింది.

ఆగితే ఇల్లంతా ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది. వదిన కూడా గుమ్మం వైపు చూసింది. నేను లోలోపల లెక్కపెట్టాను. పది. ఇరవై. చెల్లెలు తన కోసం ప్రాణం పణంగా పెట్టి వచ్చిందని తెలిస్తే ఈ మనిషి మిగిలిన రోజులు ఎలా గడుపుతుంది? ముప్ఫై. అబద్ధం చెప్పనని నిన్ననే రాశాను. నలభై. వదిన కళ్ళు మళ్ళీ నా మీదకి వచ్చాయి.

"తెలియదు" అన్నాను. "ఆ టైముకి నిద్రలో ఉండేది."

ఫుస్.

ఆగి, మళ్ళీ ఫుస్. నెమ్మదిగా.

వదిన లేచి నాలుగు పేజీలూ తెచ్చింది. నిలువుగా చింపింది, అడ్డంగా చింపింది. కొత్త కాగితం తీసింది.

"చెప్పండి. మొదట్నుంచి. తేదీలతో."

చెప్పాను. వదిన రాసింది. ఒకచోట 'పదమూడు అబద్ధపు రీడింగులు' అని రాస్తే 'పద్నాలుగు' అని సరిచేయించాను. డాక్టరుకు ఒక కాపీ పంపమన్నాను. సరేనంది. చివర నా పేరు, వయసు, చేసిన ఉద్యోగం. సంతకం పెట్టమని కాగితం నా వైపు తిప్పింది, పెన్ను మాత్రం బల్ల మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు.

"రేపు ఎన్నింటికి?"

"పదకొండుకి వదినా."

"వదినా అనకండి. టాక్సీ మీరే పిలుచుకోండి."

గదిలోకి వచ్చి ఆమె మంచం మీద కూర్చున్నాను. 2.30 రీడింగు దాటిపోయింది. 3.10కి తీశాను. పదహారు.

ఆమె బాగున్న రోజుల్లో, గాఢనిద్రలో, పదహారే ఉండేది.